తొమ్మిదో మెట్టు కింద

కింది వాటా, వీధి గది
జనవరి 18

పెయింటరుకు,

పంతొమ్మిదేళ్ల కిందట స్టూడియోలో, మేనేజరు ముందు, లైట్లవాళ్ల ముందు, నువ్వు నన్ను అబద్ధాలకోరు అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటాడని నువ్వు అనుకుంటే అది నీ పొరపాటు. నాలుగు అక్షరాలు దిద్దుకుని బడి మానేసినవాణ్ణి నేను. ఈ ఒక్క కాగితం రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. చదువు లేకపోవచ్చు గానీ, నేను కోసిన కర్రలో నూలు తేడా ఎవడూ చూపించలేదు. నా మాటలో మాత్రం నువ్వు తేడా చూపించావు, అదీ సొంత అక్క మొగుడికి.

జరిగింది మళ్లీ రాస్తున్నాను. వయసు మీద పడి నీకు మతిమరుపు వచ్చి ఉంటే పనికొస్తుంది. ఆ సీరియల్లో రెండంతస్తుల ఇంటి సెట్టుకు మెట్లు కట్టింది నేను. పద్దెనిమిది మెట్లు. లోపల ప్లైవుడ్డు, పైకి టేకు. ఆ టేకు నీ కుంచెలో పుట్టిందే, కాదనను. తొమ్మిదో మెట్టు కింద ఒక ఆనుకర్ర నిలబెట్టాను. పైనున్న బరువంతా దాని మీదే. ఆ రోజు మధ్యాహ్నం నువ్వు మెట్ల కింది గదిలో నీలం గోడకు ఆకుపచ్చ రంగు వేశావు. మర్నాడు విందు సీనులో అత్తగారి వేషం వేసే ఆవిడ దిగుతుంటే తొమ్మిదో మెట్టు కూలింది. ఆవిడ తుంటి విరిగింది. ఆనుకర్ర నీ రంగు డబ్బాల మధ్య దొరికింది, ఒళ్లంతా ఆకుపచ్చ పూసుకుని. నీ నిచ్చెనకు అడ్డమని తీశావు, తిరిగి పెట్టలేదు. తీశానని ఒక్క మాట అని ఉంటే మేనేజరు కాళ్లు పట్టుకునైనా నీ పని నిలబెట్టేవాణ్ణి. నువ్వేమన్నావు? అది ముందే ఊడి గోడకు ఆనించి ఉంది, పక్కన పెట్టానంతే అన్నావు. అంటే నా మెట్లకు నేనే ఆనుకర్ర లేకుండా చేశాననేగా. పని పోయింది, దేశం దాటి పోయావు. అది నా వల్ల కాదు, నీ మొండితనం వల్ల.

ఇప్పుడు అసలు సంగతి. ఆ టీవీవాళ్లు పాత సీరియల్‌ను మళ్లీ నెట్‌లో పెడుతున్నారు. ఆదివారం ఆదివారం ఒక భాగం. పెట్టిన ముప్పై రోజులకు తీసేస్తారట. మా పైవాటాలో అద్దెకుండే నర్సు చెప్పింది. తన ఫోనులోంచి మా టీవీకి ఏదో తగిలించి చూపిస్తోంది. మూడు భాగాలు చూశాను. పద్నాలుగో భాగం ఏప్రిల్ ఐదున వస్తుంది. అందులో పనిమనిషి వేషం వేసిన అమ్మాయి మెట్ల కింది తలుపు తీసి లాంతరు తెస్తుంది. ఆ సీను తీసింది ఆ రోజు పొద్దున, నువ్వు రంగు డబ్బా మూత కూడా తీయకముందు. తలుపు తెరుచుకోగానే లోపల గోడ నీలంగా ఉంటుంది, ఆనుకర్ర నిటారుగా నిలబడి ఉంటుంది. అది చూశాక ఎవరు అబద్ధాలకోరో తేలిపోతుంది.

నీ చిరునామా నాకు ఎలా దొరికిందని అడగకు.

మేస్త్రి


నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క గది
ఫిబ్రవరి 2

మేస్త్రి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. కవరు మీద చేతిరాత చూసి గుర్తుపట్టాను. ఏడేళ్ల కిందట ఒక కార్డు మీద చూశాను ఆ చేతిరాత. అక్క పోయిందని రెండు వరుసలు. ఆ కార్డు నాకు చేరేసరికి ఆమె పోయి పదహారు రోజులైంది. ఏ జబ్బో రాయలేదు. ఎన్నాళ్లు మంచం మీద ఉందో రాయలేదు. అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

మీరు రాసిన సంగతులన్నీ నాకు గుర్తున్నాయి, మతిమరుపు రాలేదు. ఒక్కటే తేడా. నేను ఆ కర్రను తీయలేదు. గోడకు ఆనించి ఉంటే, రంగు వేయడానికి జరిపి పక్కన పెట్టాను. అప్పుడూ ఇదే చెప్పాను. మిమ్మల్ని అబద్ధాలకోరు అనడం తప్పు, అది మాత్రం ఒప్పుకుంటాను. పదిమందిలో అనకుండా ఉండాల్సింది.

ఇక్కడ నా పని కార్లు ఆపే చోట తెల్లగీతలు వేయడం. టేకులు, పాలరాళ్లు అన్నీ ఆ స్టూడియోతోనే అయిపోయాయి. గీత తిన్నగా వస్తే చాలు, ఎవరూ పలకరించరు. ఇద్దరు మనుషులుండాల్సిన గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. రెండో మంచం మీద కుంచెలు ఆరబెట్టుకుంటాను.

పద్నాలుగో భాగం నాకూ చూడాలని ఉంది. మీకంటే ఎక్కువే ఉంది. ఇక్కడ వస్తుందేమో కనుక్కుంటాను.

పెయింటరు


కింది వాటా, వీధి గది
ఫిబ్రవరి 19

పెయింటరుకు,

కార్డు సంగతి ఎత్తావు. మనిషి పోయిన ఇంట్లో ఎవడికి ఏం రాయాలో కూర్చుని ఆలోచిస్తారా? నాకు వచ్చిన అక్షరాలే అన్ని. అక్కడితో ఆపు.

ఏడు భాగాలయ్యాయి. ఆదివారం పదింటికి నర్సు దిగి వస్తుంది. ఆసుపత్రిలో వారమంతా నిలబడే ఉద్యోగం కదా, కూర్చోగానే కాళ్లు చాపేస్తుంది. మొదటి రోజు మీ అక్క కుర్చీలో కూర్చోబోయింది. నేను లోపలి నుంచి వేరే కుర్చీ తెచ్చి వేశాను. అప్పటి నుంచి తన స్టూలు తనే తెచ్చుకుంటోంది.

ఐదో భాగంలో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. అత్తగారు పెదాలు కదుపుతోంది, మాట రాదు. టీవీ పాడైందని నెత్తిన రెండు తట్టాను. నర్సు పొట్ట పట్టుకుని నవ్వింది. టీవీ బాగానే ఉందట, వెనక వచ్చే పాట మీద వీళ్లకు హక్కు లేదట, అందుకని ఆ కాస్తా నోరు నొక్కేశారట. ఏడో భాగంలో అయితే ఒక సీను సీనే లేపేశారు. పాడినవాడికి హక్కుంది, రాసినవాడికి హక్కుంది, వాయించినవాడి కొడుక్కి కూడా హక్కుందట. పద్దెనిమిది మెట్లు కట్టినవాడికి ఏముందమ్మా అని అడిగాను.

"మోకాళ్ల నొప్పులున్నాయిగా తాతగారూ" అంది.

మెట్లు మాత్రం బాగున్నాయి. ఆ మాట చెప్పకపోతే నేను మనిషిని కాను. ఆ టేకు గీతల్లో ఒకచోట ముడి వేశావు చూడు, నాలుగో మెట్టు పక్క, అది చూసి నేనే ఒక్క క్షణం నిజం చెక్క అనుకున్నాను. నర్సుకు అంతా అబద్ధపు చెక్క అని చెబితే నమ్మలేదు. మా బావమరిది వేశాడు అన్నాను. మీకు బావమరిది ఉన్నాడా, ఎప్పుడూ చెప్పలేదే అంది. నేను టీవీ చూడమన్నాను.

ఇంకా ఏడు వారాలుంది. నువ్వు కూడా చూడు. నువ్వు చూస్తుండగా నేను గెలవాలి.

మేస్త్రి


నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క గది
మార్చి 8

బావ గారికి,

ఇక్కడ రాదు.

ఈ భవనం కింద ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. షాపతని చేత పెట్టించి చూశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఈ కార్యక్రమాన్ని మీరున్న ప్రాంతంలో చూపించే హక్కు మాకు లేదు అని. అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి, ఎడం సమానంగా వేశారు. ఆ అక్షరాల వెనకే ఉంది మన సెట్టు. నా చేతులతో వేసిన గోడ నేను చూడకూడదట. కంపెనీకి విన్నవించుకుంటూ రాయించాను. జవాబు నిమిషంలో వచ్చింది, మనిషి రాసింది కాదు.

షాపతను ఒక ఉపాయం చెప్పాడు. నేను అక్కడే, మీ ఊళ్లోనే ఉన్నట్టు ఆ యంత్రాన్ని నమ్మించవచ్చట. అందరూ చేసేదే అన్నాడు. వద్దన్నాను. చెయ్యని పని చేశానని ఒకసారి అనిపించుకున్నాను. లేనిచోట ఉన్నానని చెప్పి దాని నిజం తెలుసుకోవడం నాకు రుచించలేదు.

నర్సు చేత ఫొటో తీయించి పంపుతానంటారేమో, అదీ వద్దు. ఫొటో చూసి నమ్మితే ఫొటోను నమ్మినట్టు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూస్తున్నది ఫొటో కోసం కాదు.

మీరు చూడండి. చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆనుకర్ర నిలబడి ఉంటే నిలబడి ఉందని రాయండి. మీ మాట మీద నేను ఒప్పుకుంటాను. తీసింది నా చెయ్యే, గుర్తు లేనిది నాకే అనుకుంటాను. మేనేజరుకు కూడా రాస్తాను. ఇక్కడి నుంచి ఆ తలుపు వెనక్కి చూడగలిగిన కళ్లు మీవే.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. కోప్పడినా ఇప్పుడు ఆమె లేదు కదా. అక్క నాకు పన్నెండేళ్లు ఉత్తరాలు రాసింది. నా జవాబులు కుట్టుమిషన్లు అమ్మే షాపు చిరునామాకు వెళ్లేవి. మీ మోకాళ్లు, పంపులో నీళ్లు రాకపోవడం, కిటికీకి మీరు కొత్తగా చేసిన రెక్క, అన్నీ రాసేది. మెట్ల సంగతి మాత్రం ఒక్క ఉత్తరంలోనూ లేదు. నువ్వు తీశావా అని అడగలేదు. తీయలేదని నేను చెప్పలేదు. నేను తీశానని నమ్మే పోయిందో, నమ్మకుండా పోయిందో నాకు తెలియదు. నాకు కావలసింది అదొక్కటే. అది ఏ తెర మీదా రాదు.

మీ బావమరిది


కింది వాటా, వీధి గది
ఏప్రిల్ 6

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? అక్కడ చలి తగ్గిందా? ఎండలో గీతలు వేసేటప్పుడు తలకు ఏదైనా కట్టుకో. వయసులో ఉన్నట్టు ఉండకు.

మీ అక్క ఉత్తరాల సంగతి నాకు తెలుసు. ఆమె పోయాక కుట్టుపెట్టెలో నీ చిరునామా దొరికింది. నేనేమీ అనుకోలేదు. తోడబుట్టినవాళ్లు రాసుకుంటారు.

నిన్న పద్నాలుగో భాగం చూశాను. నువ్వడిగిన సీను అందులో లేదు. కోసేశారు. తలుపు దాకా ఆ అమ్మాయి నడిచి వస్తుంది, ఆ వెంటనే హాలులో లాంతరు పట్టుకుని ఉంటుంది. మధ్యలోది లేదు. వెనక ఏదో పాట వస్తుందట, దాని హక్కులు వీళ్ల దగ్గర లేవట. నర్సు కూడా అంది. ఇన్ని వారాలు ఎదురుచూసి ఏం లాభం? మనం చేయగలిగింది ఏమీ లేదు. కంపెనీలు, హక్కులు, వాటితో మనలాంటివాళ్లం ఏం పెట్టుకుంటాం.

నేను ఆలోచించాను. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. జరిగిందేదో జరిగింది. నువ్వు తీశావని నా మనసులో ఇప్పుడు కోపం లేదు. నేను క్షమించాను. నువ్వు కూడా ఇక ఈ సంగతి మనసులో పెట్టుకోకు. మేనేజరుకు రాయనక్కర్లేదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. నర్సు కులాసా.

మీ బావ


నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క గది
ఏప్రిల్ 15

బావ గారికి,

ఉత్తరం అందింది. నా ఆరోగ్యం అడిగారు. బాగానే ఉంది. పంతొమ్మిదేళ్లలో మీరు అడగడం ఇదే మొదటిసారి.

క్షమించానన్నారు. మంచిది. ఆ మాట చదివి కాసేపు గీతలు వేయలేకపోయాను. ఎందుకో చెప్పలేను. ఇన్నాళ్లూ మీ కోపమైనా నాదని ఉండేది.

ఆ సీనులో పాట లేదని నా గుర్తు. లాంతరు సీనుకు వాన చప్పుడు ఒక్కటే చాలని డైరెక్టరు అన్నాడు. చప్పుళ్లు చేసేవాడు రేకు మీద ఇసుక పోయడానికి వస్తే నేనే పట్టుకున్నాను ఆ రేకు. అయినా నా జ్ఞాపకం తప్పయి ఉండొచ్చు. మీరు చూశారు, నేను చూడలేదు.

ఒక్క సంగతి రాసి ముగిస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడికి వచ్చేముందు ఆసుపత్రికి వెళ్లాను, ఆ అత్తగారి వేషం వేసే ఆవిడను చూడటానికి. మంచం పక్కన నిలబడి, అమ్మా, నేను తీయలేదు అన్నాను. ఆవిడ గోడ వైపు తల తిప్పుకుంది. ఆ గోడ రంగు నాకింకా తెలుసు. లేత పసుపు, కింద బెత్తెడు మట్టి రంగు పట్టీ. పట్టీ ఒకచోట ఒంకర పోయింది. మనిషి మొహం చూడలేక దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఇక ఉత్తరాలు వద్దు బావా. మీకు రాయడం కష్టం, నాకు చదవడం కష్టం. మీరు జాగ్రత్త.

మీ బావమరిది


కింది వాటా, వీధి గది
ఏప్రిల్ 23

ఒరేయ్,

సీను ఉంది. వాళ్లు కోయలేదు. నేను కోశాను, ఈ పెన్నుతో. వాన చప్పుడే ఉంది, పాట లేదు. నీ జ్ఞాపకం తప్పు కాదు.

ఇక ఉత్తరాలు వద్దన్నావు. ఇదొకటి చదివి, తర్వాత నీ ఇష్టం.

ఆ ఆదివారం నర్సు పదింటికే వచ్చింది. నేను తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాను, గెలవబోతున్నాను కదా. తలుపు తెరుచుకుంది. గోడ నీలం. తొమ్మిదో మెట్టు కింద ఏమీ లేదు, ఖాళీ. ఆ అమ్మాయి వంగి లాంతరు తీసుకుంది. ఆపమన్నాను. నర్సు బొమ్మ ఆపింది. ఆనుకర్ర పక్కన గోడకు ఆనించి ఉంది. సరిగ్గా నువ్వు చెప్పినట్టే.

అంతటితో అయినా వేరే ఎవడో తీశాడని చెప్పుకుందును. నర్సు టీవీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించింది.

"తాతగారూ, ఈ కర్ర మీద ఎర్ర గీతలేంటి?"

"ఏమో, నాకేం తెలుసు" అన్నాను.

నాకు తెలుసు. పని మధ్యలో నేను ఊడదీసిన చెక్క ఏదైనా, తిరిగి పెట్టాల్సిందైతే, ఎర్ర పెన్సిలుతో అడ్డంగా రెండు గీతలు గీస్తాను. మళ్లీ బిగించాక చెరిపేస్తాను. నాకు పని నేర్పినవాడు అలా చేసేవాడు, నేనూ అలాగే చేశాను. ఆ స్టూడియోలో ఇంకెవడూ గీయడు. ఆ కర్ర తీసింది నేను. తలుపు లోపలికి తెరుచుకోవాలి, ఆనుకర్ర అడ్డం వస్తుంది, డైరెక్టరు పూర్తిగా తెరుచుకోవాలని అడిగి ఉంటాడు. సీను కాగానే పెడదామనుకుని ఉంటాను. పెట్టలేదు. మధ్యాహ్నం నువ్వొచ్చి, అదేదో చెక్క అని జరిపి, గోడకు రంగు వేసుకున్నావు. నీ ఆకుపచ్చ రంగు పడి నా ఎర్ర గీతలు మూసుకుపోయాయి. లేకపోతే ఆ రోజే అందరికీ కనపడేవి.

ఒరేయ్, నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు. పద్దెనిమిది రోజుల నుంచి కూర్చుని ఆలోచిస్తున్నాను. మేకు ఊడదీసినట్టు గానీ, గీత గీసినట్టు గానీ ఒక్క ముక్క గుర్తు లేదు. నిన్ను అన్న మాటలు మాత్రం అన్నీ గుర్తున్నాయి. గుర్తు లేదు కాబట్టి అబద్ధం ఆడలేదని అప్పటి సంగతి సర్దుకోవచ్చు. ఏప్రిల్ ఆరున రాసింది దేనితో సర్దుకోను? కళ్లారా చూసి మరీ రాశాను. పైగా నిన్ను క్షమించాను. ఆ మాట రాసేటప్పుడు అక్షరాలు ఎప్పటికంటే బాగా వచ్చాయి కూడా.

ఇప్పుడు మీ అక్క సంగతి. నీకు కావలసింది అదొక్కటే అన్నావు.

నువ్వు వెళ్లిపోయిన మర్నాడు పొద్దున నేను పనికి బయల్దేరుతున్నాను. పనిముట్ల సంచి అందిస్తూ మీ అక్క అంది: "వాడు తీసి ఉంటే తీశానని చెప్పేవాడు. చిన్నప్పుడు గ్లాసు పగిలినా వాడే వచ్చి చెప్పేవాడు. అది మీరు తీశారేమో, ఒకసారి ఆలోచించండి."

సంచి విసిరేశాను. ఉలి వెళ్లి గుమ్మానికి గుచ్చుకుంది. నీ తమ్ముడు కావాలా, నేను కావాలా అన్నాను. ఆమె ఉలి పీకి, అంచు చెంగుతో తుడిచి, సంచిలో పెట్టి మళ్లీ నా చేతికిచ్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ మాట ఎత్తలేదు. నిన్ను నమ్మక కాదు. నేను వినే రకం కాదని తెలిసి. నీకు కూడా రాయలేదంటే, మొగుడి తప్పు కాగితం మీద పెట్టడం ఇష్టం లేకే అయి ఉంటుంది. ఆమె ఎప్పుడూ నీ పక్షమే. ఆ మాట నీది. పంతొమ్మిదేళ్లు నా దగ్గర ఉంచుకున్నాను.

ఇంకొకటి ఉంది. అది కూడా రాసేస్తే నాకు పని అయిపోతుంది. ఆఖరు వారం, ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక, తమ్ముణ్ణి పిలిపించండి అంది. ఒక్కసారే అంది, మెల్లగా. నాకు వినపడనట్టు లేచి అలమరలో మందుసీసా వెతికాను. సీసా నా చేతిలోనే ఉంది. దీనికి నువ్వేమన్నా పడతాను.

టీవీవాళ్లు ఈ భాగాన్ని మే ఐదున తీసేస్తారు. దాచుకోవడానికి ఉందేమోనని నర్సును అడిగాను. వీలు లేదట, తాళాలు వేశారట. మళ్లీ ఎప్పుడు పెడతారో వాళ్లకే తెలియదు, హక్కులు ఎవరి దగ్గరుంటే వాళ్ల ఇష్టం. అంటే మే ఐదు దాటాక తప్పు నాదనడానికి నా నోరు ఒక్కటే మిగులుతుంది. నా నోటి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అందుకని ఆ లోపే చేయాలి.

ఆ రోజు అక్కడున్నవాళ్లలో మేనేజరు ఉన్నాడు, మేకప్పు వేసే ఆవిడ ఉంది. మిగతావాళ్లు లేరు. తుంటి విరిగిన ఆవిడ కూడా పోయిందని మేకప్పావిడ చెప్పింది. ఆవిడకు నేనిక ఏమీ చెప్పలేను. ఈ ఇద్దరి ఇళ్లకూ నడిచి వెళ్లాను. మే మూడు, ఆదివారం పదింటికి మా ఇంటికి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. మేనేజరు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఏమిటి మేస్త్రీ, ఇన్నేళ్లకు గుర్తొచ్చామా అన్నాడు. స్టూడియో పాతవాళ్ల సంఘం గదిలో పెద్ద తెర మీద వేద్దామనుకున్నాను, అది కుదరదని నర్సు అంది. ఇంట్లో చూసుకోవడానికే ఇచ్చారట, పదిమందిని పోగేసి ఆడించకూడదట. ముగ్గురు ముసలివాళ్లం, ఒక నర్సు, మా వీధి గది. ఇది ఇల్లు కాకపోతే మరేది ఇల్లు? మీ అక్క పోయాక ఈ గదిలో నలుగురు కూర్చోవడం ఇదే. కుర్చీలు చాలవు. ఆమె కుర్చీ మేనేజరుకు వేస్తాను.

తలుపు తెరుచుకున్న చోట బొమ్మ ఆపించి, ఆ ఎర్ర గీతలు నావని చెబుతాను. నీ పని తీయించింది నేనని చెబుతాను. ఏప్రిల్ ఆరున నీకేం రాశానో అది కూడా చెబుతాను. అయితే నీ సంగతి నిన్ను అడగకుండా పదిమందిలో మాట్లాడే తప్పు ఒకసారి చేశాను. రెండోసారి చేయను. చెప్పమంటే చెబుతాను. నువ్వు వచ్చేదాకా ఆగమంటే, వాళ్లను వెనక్కి పంపి, మే ఐదు పోతే పోయిందని, బొమ్మ లేకుండా ఉత్త నోటితో నీ ఎదురుగా వాళ్లకు చెబుతాను. అసలు చెప్పొద్దు, నా పాపం నన్నే మోసుకు తిరగమంటే అలాగే తిరుగుతాను. మూడింటిలో ఏదో నువ్వే చెప్పాలి.

నీ ఉత్తరం ఆ లోపు చేరదు. నర్సు ఫోను నంబరు కవరు లోపల రాయించాను. శనివారం ఆమెకు సెలవు, కిందే కూర్చోబెడతాను. తిట్టాలంటే తిట్టు, నువ్వు అయిపోయిందనేదాకా నేను నోరు తెరవను. ఊరుకోవడం మాత్రం కుదరదు. మీ అక్క ఊరుకుంది, దాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. నువ్వు కూడా ఊరుకుంటే నాకు మళ్లీ అదే అలవాటవుతుంది.

మే రెండు, శనివారం, సాయంత్రం ఐదు లోపు. నాకు జవాబు కావాలి.

మీ బావ